సంజాయిషీ

అయ్యా,
నరకం, ఏడో అంతస్తు, వసూళ్ళ విభాగం సూపర్నెంటు గారికి
గోజో ద్వీపం నుంచి మీ చిన్న దెయ్యం
బుస్కెత్తు రాసుకునేది.

తాఖీదు అందింది.
ముసలమ్మ జీజా కమెల్లేరి ప్రాణం
మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి
ఎందుకు వసూలు కాలేదో
మూడు రోజుల్లో చెప్పమన్నారు.

ఈ ఊరి చర్చికి రెండు గడియారాలు.
ఒకటి నిజం చెబుతుంది, ఒకటి అబద్ధం.
మనల్ని తికమక పెట్టడానికేనట.
మన ఆఫీసులో తరతరాలుగా నవ్వుకున్న సంగతే.
అబద్ధమాడేది కుడివైపుదని
ఫైల్లో ఉంది. ఎర్రసిరాతో ఉంది.

ఫైల్లో లేనిదేమిటంటే
ఆ గడియారాలకి కీ ఇచ్చేది జీజాయేనని.
ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.
తొంభై ఒకటో ఏట కూడా నూట పదమూడు మెట్లెక్కి
తనకి తోచిన రోజు
కుడివైపు అబద్ధాన్ని ఎడమవైపుకి మార్చేస్తుంది,
దిండు గలీబు మార్చినంత తేలిగ్గా.

నేను వెళ్ళేసరికి ఆమె బతికే ఉంది.
బతికి ఉండటమేమిటి, పిండి పిసుకుతోంది!
"తొందరపడి వచ్చావు, కూర్చో" అంది.
కూర్చున్నాను. అది మొదటి తప్పు.
పస్తిజ్జి పెడితే తిన్నాను. అది రెండోది.
పైన పొరలు పొరలు, లోపల పొగలు కక్కే జున్ను.
లావాలో పుట్టి పెరిగినవాణ్ణి,
నాలుక కాలింది.

అప్పుడు దిగాడు అటువైపు ఉద్యోగి, సోఫ్రియేల్.
రెక్కలకి మొన్నటి ఉత్సవంలో బాణసంచా మసి,
చంకలో రశీదు పుస్తకం.
ఆలస్యమైపోయిందని అతని ఏడుపు,
ముందొచ్చానని నా ఏడుపు.
కిటికీలోంచి చెరో గడియారం చూపించుకుని
కాలర్లు పట్టుకున్నాం.
అతనికి కాలర్ లేదు. ఇది అన్యాయం.
ఆ రోజు రెండు గడియారాలూ అబద్ధమేనని
తర్వాత తెలిసింది.

ముసలమ్మ బల్ల తుడిచి పేక పంచింది.
"గెలిచినవాడు తీసుకుపోండి."
దేవదూత దొంగాట ఆడాడు. దీన్ని రికార్డు చేయమని మనవి.
నేనూ ఆడాను. దీన్ని చేయొద్దని మనవి.
ఆమె ఆడినదాన్ని దొంగాట అనడానికి
మా ఇద్దరి చదువూ చాలదు.
అర్ధరాత్రికి అతను పదకొండు ఈకలు ఓడిపోయాడు,
నేను ఎడమ కొమ్ము.
తలుపు పక్కన గోడకి కొట్టి
దానికి గొడుగు తగిలించింది.

చనిపోయింది, నిజమే. గురువారం.
పక్కింటి నేనుకి వేడివేడిగా ఓ డజను పంపి
చేతులు కడుక్కుని
మెట్లెక్కి
రెండు గడియారాలూ ఆపేసి
వాటి మధ్య గట్టుమీద కూర్చుంది.
సముద్రం వైపు తిరిగి.

టైము రాయని ఫారం చెల్లదని మీకు తెలుసు.
అక్కడా చెల్లదట.
రెండు ప్రభుత్వాలకీ ఉమ్మడిగా ఉన్న నిబంధన
అదొక్కటే.
నేను కలం పట్టుకుని, అతను కలం పట్టుకుని
పావురాల మధ్య తెల్లవార్లూ నిలబడ్డాం.
ఆమె ఎటు పోయిందో
మా ఇద్దరి పుస్తకాల్లోనూ లేదు.
రెంటికి చెడ్డ రేవడి అని మీరు రాసుకుంటారు కాబోలు.
నేను మొహం చూశాను.
చివరి ముక్క దాచుకున్నవాళ్ళ మొహం అది.

ఇక మిగిలింది గడియారాల సంగతి.
ఎవరో ఒకరు కీ ఇవ్వాలి కదా.
సోమ, బుధ, శుక్రవారాలు నేను.
మిగతా రోజులు అతను. నూనె ఖర్చు సగం సగం.
నేను మెట్లెక్కుతుంటే పిల్లలు
"ఒంటికొమ్ము మామా" అని పిలుస్తున్నారు,
శిక్షలో దీన్ని కూడా కలుపుకోగలరు.

తమరు స్వయంగా తనిఖీకి వస్తామన్నారు.
సంతోషం.
శనివారం, సరిగ్గా పదింటికి రండి.
కుడి గడియారం చూసుకోండి.

ఎడమది చూసినా పరవాలేదు.