జత లేని మొక్క

సైకిళ్ల రిపేరు కొట్టు పైన మా గది.
శనివారం పొద్దున, గెంట్ నగరం మీద వాన
కాలవనీ ఆకాశాన్నీ ఒకే తడిగుడ్డతో తుడుస్తోంది.
ఆరుగురం మేం. ఒక కెటిల్. మూతలు మారిపోయిన రంగులు.

నా పక్క కుర్చీ లెయోంటీనది.
ముప్పైయొక్క ఏళ్లు గాజుకళ్లకు రంగులు వేసింది.
కొత్త కన్ను మిగిలిన కన్ను చెప్పినట్టు వినాలి.
బూడిదరంగులో ఒక గోధుమ చుక్క ఉంటే
ఆ చుక్క అక్కడే, అంతే.
"సొంతంగా ఒక్క గీత కలిపామా,
మనిషి ఇద్దరైపోతాడు" అంటుంది.

ఇవాళ్టి పని, లోకంలో లేని మొక్క.
ఆవిడ కిటికీ దగ్గరి జెరేనియం కుండీ మోసుకొచ్చింది!

యోరిస్ మాస్టారు పాత మూలికల పుస్తకం తెరిచాడు.
ఎవరో సన్యాసి, మొక్కని కళ్లారా చూడకుండా
ఇంకో సన్యాసి బొమ్మ చూసి గీశాడు.
ఆయనా అంతే, మరొకరిది చూసి.
నకలు నకలుకీ దారి తప్పి
చివరికి వేరుకి కాళ్లొచ్చాయి,
తల మీద ఆకులు జుట్టులా లేచాయి.
పీకితే కేక వేస్తుందట, విన్నవాడు బతకడట.
"మరి కేక సంగతి చెప్పిందెవరు?"
లెయోంటీన నవ్వలేదు. నిజంగానే అడిగింది.

ఆవిడకి మా కెథెడ్రల్‌లోని పాత పటమే ఇష్టం,
గడ్డిలో ఒక్కో ఆకునీ పేరు పెట్టి పిలవొచ్చు.
"ఆ గడ్డి దగ్గరే ఖర్జూరం చెట్టు కూడా ఉంది కదా,
మన చలిలో ఎలా బతికిందో" అన్నాడు యోరిస్.
ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నాతో, మెల్లగా,
"దీని రెండోది ఏది? దేన్ని చూసి కలపను?"

నేను టీ పోస్తూ చెయ్యి జార్చాను.
ఆరీ ఆరని ఆకుపచ్చలో ఒక్క చుక్క నీళ్లు పడి
రంగుని అంచులకి తోసుకుంటూ
ముడతలు ముడతలుగా విచ్చుకుంది.
ఈ తప్పుకి మా వాళ్లు పెట్టిన పేరు కాలీఫ్లవర్.
క్షమించమన్నాను. ఆవిడ అద్దుడు కాగితం అందుకుంది,
అందుకుని, మళ్లీ కింద పెట్టింది.

అన్నిటికన్నా సన్నటి కుంచె తీసింది.
తప్పు చుట్టూ ఈనెలు, ఈనెల కింద కాడ,
కాడ కింద రెండు పొట్టి కాళ్లు,
ఒక కాలికే బూటు.
పువ్వు నడుమ బూడిదరంగు కన్ను,
ఏడు గంటల ముల్లు దగ్గర గోధుమ చుక్క.
ఎవరిదని అడిగాను.
"ఎవరిదైతేనేం, ఇక్కడ జత అక్కర్లేదుగా."

పన్నెండుకి జెరేనియంని కోటులో దాచుకుని
మెట్లు దిగింది, వాన తగలకుండా.
బొమ్మని మరిచిపోయిందో, వదిలేసిందో.
కుంచెలు కడుగుతుంటే
బల్ల మీంచి అది నన్నే చూస్తోంది,
ఇంకా తడిగా,
లేని రెండో బూటు కోసం నేనే వెతకాలన్నట్టు.