సేటు, జీతగాడు

నాకు సేటు లేడు.
ఇరవై ఏండ్ల కింద ఆ మాట
మీసం దువ్వి చెప్పుకునేటోణ్ణి.
భుజాన గడ్డి కట్ట, జేబుల టెస్టరు,
ముషీరాబాద్ గల్లీలల్ల ఎండకు ఎదురు నడుస్తుంటే
కిటికీలు తెరుచుకునేవి:
"ఓదెలన్నా, కూలర్ మొరుగుతుంది, జర చూడరాదే."

మార్చి నించి మే దాక నేను రాజును.
పంపుల నాచు, మోటర్ల తుప్పు,
తడిసిన గడ్డి వాసనే నా అంగీకి అత్తరు.
జేబు బరువుకు ప్యాంటు జారుతుంటే
ఏడాది పొడుగునా ఇంతే అనుకునేది.
దోస్తులకు దావత్‌లు,
ఉద్దెర అడిగినోనికి లేదన్నది లేదు.

ఇగ తొలకరి.
పట్నమంత అరచేతులు చాపి వానను పడుతుంటే
నేను రేకుల కింద కూసొని
చినుక్కొక రూపాయి లెక్కన
పోయినయి లెక్కపెడుతుండేది.
జులైల గిరిగిరి ఫైనాన్సు పిలగాడు
పండ్లు తోమకముందే తలుపు కొట్టేటోడు.
పది వేలని రాసుకొని తొమ్మిది చేతిల పెట్టి
దినాం వంద, వంద దినాలు.
రాజు నీళ్ల డ్రమ్ము ఎనుక దాక్కునేటోడు.

ఒక యేడు ఏప్రిల్‌లనే మబ్బు పట్టింది.
బాకీ మీద తెచ్చిన నలభై కట్టల గడ్డి
గోడకానుకొని నా దిక్కే చూసింది.
ఆ యేడే డ్రిల్లు మిషను కుదువకు పోయింది.
పని లేక కాదు,
వచ్చిన పనికి చెయ్యి లేక కూసున్న.

అనసూయ పికో మిషను మీదికెల్లి కాలు తియ్యకుండనే అన్నది:
"సేటు లేడు, సేటు లేడంటవు.
నువ్వే గదా సేటువు.
నీ జీతగానికి నెల జీతం
ఏనాడన్న ఇచ్చినవా?"

దారం తెగింది. ఎక్కించుకున్నది.
మళ్ల ఏం మాట్లాడలే.

ఆ యెండకాలం నించి ఇంట్ల ఇద్దరమైనం.
సేటు ఓదెలు మా పిసినారి.
మేల ముప్పై ఆరు వేలొచ్చినా
జీతగాని చేతిల పదమూడే పెట్టిండు.
మిగిలినయి కాలిపోయిన మోటరు డొల్లల కుక్కి,
నిండంగనే చిలకలగూడ పోస్టాఫీసుకు.
"అంత నా చెమటే గద" అని జీతగాడు గొణిగిండు.
"ఆగస్టుల గూడ చెమట పడ్తదారా?"

ఆగస్టు ఒకటి.
పొద్దటి సంది ముసురు. ఫోను మోగలే.
సేటు పదమూడు వేలు ఉమ్మి తడి చేసి లెక్కపెట్టి
ఎడమ చేతిలకెల్లి కుడి చేతిల పెట్టిండు.
దండం పెడదామనుకున్న,
ఎవరికో తెల్వలే.

లతీఫ్ భాయ్ దుకాణంల
వాషింగ్ మిషను విప్పుడు నేర్చుకుంటున్న.
చలికాలం గీజర్లున్నయి, సున్నం పట్టిన కడ్డీలు.
"ఒక్క ఎండనే నమ్ముకున్నోనికి
మబ్బు గూడ బాకీదారే" అంటడు భాయ్,
రాగి తీగె పండ్ల మధ్యల పట్టుకొని.
నేను నవ్వుత. తీగె చుట్టుడు మాత్రం
ఇంక సక్కగ రాలే.

గెలిచిన్నని చెప్ప.
పోయిన దసరాకు బిడ్డకు డెంగీ జొరమొచ్చింది.
డొల్ల ఖాళీ అయింది.
గని గిరిగిరి పిలగాడు ఆ దినం
మా గల్లీల నించే పోయి
మా తలుపు కొట్టలే.

మీద మీద ఇండ్లల్ల ఏసీలు బిగిస్తున్నరు.
కిటికీలు తక్కువ తెరుచుకుంటున్నయి.
సేటు రాత్రుల్ల నిద్ర పోతలేడు.
క్యాలెండర్ ఎనుక పేజీల
పెన్సిలుతోని రాసి పెట్టుకున్నడు:
జీతగాడు ఓదెలు, అడ్వాన్సు నాలుగు వేలు.
దాని కింద గీత కొట్టలే.

పొద్దున జీతగాడు
ఒక్క ఆదివారం సెలవడిగిండు.
సేటు ఇంక సోచాయిస్తనే ఉన్నడు.