నడికట్టు చుట్లు

తుకెర్రెస్‌లో గురువారం సంత.
దుంపల బస్తాలు లారీకెత్తి, చేతులు దులుపుకుని
తిన్నగా నా గదికొస్తారు,
ఉన్ని రువానాల కింద పొట్ట పట్టుకుని.
"మంట, ఫ్లోరాల్బా. తిన్నది అరిగి చావదు.
ఆ తెల్లమందు సీసా ఇటివ్వు, బస్సు వెళ్లిపోతుంది."

అందరిదీ ఒకటే మంట.
నా చిక్కంతా అక్కడే.

పాస్తోలో గొట్టం వేసి చూసే డాక్టరు
మా కొండకు వారానికి రెండే చోట్లు ఇచ్చాడు.
మిగతా ముప్ఫైమందికీ
నా నోటి ప్రశ్నలే గొట్టం.

గోడ మీద ప్రమాద లక్షణాల కాగితం ఉంది, ఎండకు వెలిసింది.
ముద్ద అడ్డం పడుతోందా అని నేనడగను.
నిన్నేం తిన్నావంటాను. "సూపు."
మొన్న? "సూపే."
దుంప పండించేవాడు దుంప మానేశాడంటే
కలం మూత తీస్తాను.

చిక్కావా అంటే ఏ మగాడూ ఒప్పుకోడు.
రువానా ఎత్తమంటాను, బెల్టు ఒప్పుకుంటుంది:
దుకాణంలో పడ్డ చిల్లులు గుండ్రంగా,
వాటి పక్కన మేకుతో పొడిచినవి రెండు, వంకరగా.

దొడ్డికి ఏ రంగని అడిగితే
టోపీ తీసి చేతుల్లో తిప్పుతారు.
"మా పొలం మట్టంత నలుపు" అన్నాడు యుదోరో క్వాస్పుద్,
కాస్త గర్వంగానే.
మర్నాడే పంపాను. వట్టి పుండు.
మాత్రలకు మానింది, నాకో కోడిపుంజు తెచ్చిచ్చాడు.

ఎమెరిత తైమాల్‌కు నలభై ఒకటి.
ముద్ద ఆగలేదు, వాంతి లేదు, నలుపు లేదు.
నా ప్రశ్నలకు ముందే నవ్వేది:
"లేదు, లేదు, అదీ లేదు, సీసా ఇవ్వు."
ఏడు నెలలు ఇచ్చాను.

మా ఆడవాళ్లు బెల్టు పెట్టరు.
నేసిన నడికట్టు చుడతారు.
దానికి చిల్లులుండవు.
నాలుగు చుట్లు తిరిగేది ఐదైందని,
ఐదు ఆరైందని
అంచు లోపలికి దోపుకునే వేళ్లకు తప్ప
ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు చుట్లు కూడా అడుగుతున్నాను.
కొందరు వెర్రిదాన్ని చూసినట్టు చూస్తారు.
కొందరు అక్కడే నిలబడి, విప్పి, మళ్లీ చుట్టి
పైకే లెక్కపెడతారు, మూడు దాటాక మెల్లగా.

ఈ గురువారం మొదటి పేరు సిరాతో రాశాను.
రెండోది ఇంకా పెన్సిల్‌లోనే ఉంది.
ఆ కుర్రవాడికి ఏమీ లేదు, మంట తప్ప.
సీసా తీసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.
"ఆగు" అన్నాను.
ఎందుకో అడిగాడు.