తోక

మెట్లు ఇరవైరెండు. మెల్చోర్ మోకాళ్ళకి నలభైనాలుగు.
కింద చెప్పులు కుట్టే దుకాణం, పైన మా కంపెనీ.
మరికినాలో ఈ వీధిలో అద్దె చవక,
నది ఏటా ఓసారి మెట్లెక్కి వచ్చి
తన అద్దె తను వసూలు చేసుకుంటుంది కాబట్టి.

నలుగురం. అందరివీ కలిపితే రెండొందల ఎనభైరెండేళ్ళు.
పెన్సిలు మెల్చోర్‌ది, ఇంకు పీలోది,
రంగులు అన్సెల్మావి.
నేను అక్షరాలదాన్ని.
బుడగల్లో మాటలు రాస్తాను.
ఎవరి మాటలు? అదే సంగతి.

నలభై ఏళ్ళు
సముద్రానికి అవతలి కంపెనీకి గీశాం.
పేజీకింతని. నెలకో చెక్కు.
చెక్కు వెనక సంతకం పెడితేనే డబ్బు.
సంతకం పెట్టే చోటికి సరిగ్గా పైన
చీమ తలకాయంత అక్షరాలు:
ఈ బొమ్మలు, ఈ మనుషులు,
ఈ మనుషులకి పుట్టబోయే మనుషులు కూడా
వాళ్ళవేనని.
అంత చిన్నగా నేనెప్పుడూ రాయలేదు.
చదవొద్దని రాసే అక్షరాలు వేరు.

బియ్యం కొనాలి. పిల్ల ఫీజు కట్టాలి.
తోక ముడిచి సంతకం పెట్టాం.

పీలో చేతిలో పుట్టిన రెక్కల మనిషి
ఇప్పుడు టూత్‌పేస్టు డబ్బాల మీద ఎగురుతున్నాడు,
బడిసంచుల మీద ఎగురుతున్నాడు.
మనవరాలు ఆ సంచే కావాలని ఏడిస్తే
పీలో వెళ్ళి డబ్బిచ్చి కొనుక్కొచ్చాడు.
బేరం కూడా ఆడలేదు.
వచ్చి కూచుని, చాలాసేపటికి, "మనమే వేద్దాం" అన్నాడు.
అదీ మా ముహూర్తం.

పెట్టుబడికి అన్సెల్మా కుట్టుమిషను అమ్మింది.
నేను రెండు కళ్ళకి దాచుకున్నదాంట్లో
కుడికన్ను ఒక్కటే చేయించుకున్నాను.

పేరు దగ్గర మూడు వారాలు కొట్టుకున్నాం.
మెల్చోర్ సింహమన్నాడు. అన్సెల్మా దీపమంది.
పీలో చచ్చిపోయిన తన కుక్క పేరన్నాడు, సీరియస్‌గానే.
నేను బున్తోత్ అన్నాను.
మా భాషలో తోక.
ఒకటే నవ్వు.
బుడగకి ఉండే తోకరా, అన్నాను,
ఈ మాట ఏ నోటిదో చూపించే ముక్క.
అది లేకపోతే మాట గాలిది,
ఎవడు పట్టుకుంటే వాడిది.
నవ్వు ఆగింది. మెల్చోర్ కాగితం తీసి
పేరు రాసుకున్నాడు, వంకరగా.

వాడి చెయ్యి ఇప్పుడు వణుకుతుంది.
పీలో ఆ వణుకుని సరిచెయ్యడు.
గీత ఎక్కడ తడబడితే అక్కడే, అంతే తడబాటుతో,
కుంచె నడిపిస్తాడు.
మా కథలో పడవ నడిపే ముసలామె ఉంది.
ఆమె మొహం మీద నీళ్ళ వెలుగు
అట్లా కదలడం
మెల్చోర్‌కి పాతికేళ్ళప్పుడు చేతకాలేదు.

ఐదొందల కాపీలు.
ప్రెస్సువాడు ఎరుపుని నూలుపోగంత పక్కకి జరిపాడు.
అన్సెల్మా రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. మాతోనూ.
పుస్తకాల వెన్నుకి కుట్లు వేసింది
కింద చెప్పుల దుకాణం కుర్రాడు డొమెంగ్,
చెప్పులు కుట్టే మైనపు దారంతోనే.
"వరదొచ్చినా ఊడదు" అన్నాడు.

కట్ట విప్పితే
పదిహేడో పేజీ.
పడవ ఖాళీగా ఉంది, నది నిండా రాత్రి.
పైన నా బుడగ:
"ఇంకా ఇక్కడే ఉన్నాం."
తోక లేదు.

నలభై ఏళ్ళలో ఒక్కటీ మర్చిపోలేదు నేను.
ఎడమకన్ను పని, ఇంకేముంది.
నల్ల పెన్ను పట్టుకుని నేలమీద కూచున్నాను.
తెల్లారేలోగా ఐదొందల తోకలు.

డొమెంగ్ ఒక కాపీ తిరగేస్తూ అక్కడ ఆగాడు.
"ఇది నదే కదా అంటోంది?"
కాదు పడవ, అన్నాడు మెల్చోర్.
పోయినామె, అంది అన్సెల్మా.
పీలో ఏమీ అనలేదు.
కుక్కని తలుచుకున్నాడేమో.

నేను పెన్నుకి మూత పెట్టి
డొమెంగ్ దగ్గర పుస్తకం డబ్బులు అడిగాను.
జేబులు తడుముకుంటూ మెట్లు దిగాడు.
కాసేపటికి కింద సుత్తి చప్పుడు.