బంక

నలభై ఒకటి, పదిహేడు. స్కోర్‌బోర్డు ఆర్పేశారు.
జెండాలు భుజాన చుట్టుకుని జనం
ఫ్రెడెరిక్స్‌హావ్న్ సముద్రపు గాలిలోకి తలలొంచుకుని వెళ్లిపోయారు.
ఇక హాలు నాది.
నాదీ, బకెట్టుదీ, అయిదు లీటర్ల సోయానూనె డబ్బాదీ.

ఈ ఆటకి బంక కావాలి.
పైన్ చెట్టు బెరడు చీరితే కారేది, తేనె రంగుది.
ఆడపిల్లలు దాన్ని బూటు మడమ మీద ముద్దగా పెట్టుకుంటారు,
పరుగులోనే వంగి రెండు వేళ్లతో తీసుకుంటారు.
ఆ తర్వాత బంతి చేతిలో ఉన్నట్టుండదు,
చేతికి మొలిచినట్టుంటుంది.

"వచ్చారు, ఓడారు, చేతులు దులిపేసుకుని పోయారు"
అంటాడు మా సూపర్‌వైజర్ ఫ్లెమ్మింగ్.
ఎప్పుడూ బంతి పట్టని మనిషి మాట.
ఇక్కడ చేతులు దులిపితే ఏమీ రాలదు.
నూనె రాసి, రుద్ది, వేణ్నీళ్లలో నానబెట్టినా
గోరు మూలల్లో కొంచెం
తెల్లారేదాకా ఉంటుంది.

నాకు నేల చదవడం వచ్చు.
ఆరు మీటర్ల గీత మీద మోకాలు ఈడ్చుకుపోయిన చార.
బెంచీ అంచు కింద నాలుగు వేళ్ల గుర్తులు:
ఆడించని పిల్ల, గంటసేపు అక్కడే పట్టుకుని కూర్చుంది.
గెలిచినవాళ్ల తలుపు మీద అరచేతులు.
ఓడినవాళ్ల తలుపు మీద భుజం.

గెలిచింది నా దేశమే. రొమేనియా.
సంతోషపడ్డాను,
ఇరవయ్యో గోలు దాకా.
తర్వాత నా కళ్లు అవతలి గోలు వైపే పోయాయి.
పరాగ్వే పిల్ల, చొక్కా వెనక ఒవేలార్ అని పేరు,
చేతులూ కాళ్లూ చాచి ఒక్కతే
రెండు మీటర్ల ఎత్తూ మూడు మీటర్ల వెడల్పూ ఉన్న
ఖాళీకి కాపలా.
ముప్పై ఎనిమిదో గోలు అయ్యాక, ఏడు మీటర్ల త్రో.
విసిరేది మావాళ్లలో బలమైన చెయ్యి.
ఒవేలార్ ముందుకు దూకింది.
బంతి నుదుటికి తగిలి పైకప్పు దీపాల దాకా లేచింది.
పడింది. లేచింది.
రిఫరీ వేళ్లు చూపించి ఎన్నని అడిగింది కాబోలు, తల ఊపింది.
తర్వాత ఎడమ పోస్టుని ఫట్‌మని చరిచింది,
పాలిచ్చిన ఆవుని చరిచినట్టు.
ఆ ఒక్కటి ఆపితే లెక్కలో ఏం మారుతుంది?
ఏమీ మారదు.
నేను మాపు కర్ర పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి అరిచాను.
ఏ భాషలో అరిచానో తెలీదు.

బాయా మారె, ఎనభై మూడు.
రసాయనాల ఫ్యాక్టరీ జట్టు. ఎడమ వింగు, తొమ్మిదో నంబరు నేను.
హాల్లో వెచ్చదనం ఉండేది కాదు, బంక రాయిలా గడ్డకట్టేది.
పొద్దుతిరుగుడు నూనె చుక్క వేసి
రేకు డబ్బాలో కరిగించే పని మా కెప్టెన్ వెతూరియాది.
ఉంగరం వేలు అప్పుడే వంకరపోయింది,
ఇప్పుడు బకెట్టు పిడికి సరిగ్గా కుదురుతుంది.
విదేశంలో టోర్నమెంటుకి జాబితా కట్టారు. నా పేరుంది.
అదే వారం మా అన్న దాన్యూబ్ ఈది అవతలి ఒడ్డు చేరాడు.
మర్నాడు నా పేరు లేదు.
తొమ్మిదో నంబరు చొక్కా రైలెక్కింది,
ఇంకో పిల్లని వేసుకుని.
కోపం అన్న మీదో, చొక్కా మీదో,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎడమ పోస్టు చివరికి ఉంచాను.
ఒకదాని మీద ఒకటి పడ్డ అరచేతులు, అన్నీ ఒక్కామెవే,
ఎన్నో లెక్కపెట్టడానికి లేకుండా కలిసిపోయాయి.
ఉంచేద్దామా అనిపించింది.
ఉంచలేదు. పొద్దున పదకొండుకి ఇంకో మ్యాచ్,
ఆ పోస్టు ఇంకొకరికి కావాలి.
గుడ్డకి నూనె పట్టించి తుడిచాను,
ఫ్లెమ్మింగ్ రెండుసార్లు గడియారం చూసుకునేంత నెమ్మదిగా.

ఆఖరి బస్సు.
డ్రైవరు కార్డు అడిగాడు. ఇచ్చాను.
లాగాడు.
రాలేదు.
అటు అతనూ ఇటు నేనూ
ఓ క్షణం దాన్ని పట్టుకుని నిలబడ్డాం.
"ఏమిటిది?" అన్నాడు.
బంక, అన్నాను.