నిద్దర్లో ఉన్నాది

రాయగడలో తెల్లవారుజామున
మొదట లేచేది మిల్లు వాసన.
ఉడికిన కర్ర, సున్నం, మురిగిన కోడిగుడ్డు
కలిపి ఎవరో నాగావళి మీద ఆరేసినట్టు.
కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు.
మాకు మాత్రం అది రాని రోజే భయం:
షట్‌డౌనో, సమ్మో.

మూడో నంబరు మెషిన్ చివర
ద్రెంజు కడ్రక నిలబడేవాడు,
చేతిలో మూరెడు వెదురు కర్ర.
ఈ మిల్లు వెదురు తినడం మానేసి చాలా ఏళ్ళయింది,
ఇప్పుడు దాని తిండి సరుగుడూ, నీలగిరీ.
లోపల మిగిలిన వెదురు
బహుశా అదొక్కటే.

కాగితం రీలు దిగగానే
ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా
కొట్టుకుంటూ నడిచేవాడు.
టక్. టక్. టక్. టబ్.
ఆ టబ్ దగ్గర ఆగి, చెవి ఆనించి
"ఇక్కడ నిద్దర్లో ఉన్నాది" అనేవాడు.
అంటే తేమ ఉంది, చుట్టు వదులుగా ఉంది,
ఇప్పుడే కోతకి పంపితే చిరుగుతుంది.

నాది ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్. గొర్లె హైమవతి,
డిప్లొమా, పర్లాకిమిడి.
నాకు అప్పగించిన పని
ఆ చెవిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం.

నాలుగు నెలలు అతని వెనకే తిరిగాను.
ఒక మైకు, ఒక లాప్‌టాప్.
అతను కొడతాడు, నేను అంకె వేస్తాను.
గట్టి, ఒకటి. పరవాలేదు, రెండు. మెత్తన, మూడు.
నిద్దరకి ఏం వెయ్యాలో తెలీక
"మెత్తనే కదా?" అన్నాను.
"కాదమ్మా. మెత్తంది మరి లెగదు.
ఇది లెగుస్తాది, ఓ గంట ఒగ్గీ."
నాలుగో గడి గీసి
ఆ మాటే రాశాను, తెలుగులోనే,
తర్వాత మారుద్దామనుకుని.
మార్చలేదు.

మైకులు బిగించారు. వాటి పక్కన స్కానరు
ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు,
ఆఖరి బస్సు కోసం స్టాండులో పచార్లు చేసే మనిషిలా.
భువనేశ్వర్ నుంచి వచ్చినవాళ్ళు
పట్టిక బాగా కుదిరిందన్నారు,
ఛెనాపోడో పంచారు.

ఆ నెలాఖర్న షిఫ్టు చీటీలో
ఏడు పేర్లుండే చోట మూడు.
నా పట్టికలో గళ్ళు నాలుగు, తగ్గిన పేర్లు నాలుగు.
ఈ రెండు నాలుగులూ
ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉంటాయి,
ఒకే ఆఫీసులో పనిచేసే విడిపోయిన మొగుడూ పెళ్ళాల్లా.

పోయినవాళ్ళలో బుడ్డెపు సన్యాసి
స్టేషను రోడ్డులో ఉప్మా బండి పెట్టాడు.
నేను అటు వెళ్తే
అడక్కుండానే రెండోసారి చట్నీ వేస్తాడు,
డబ్బులు లెక్కపెట్టి తీసుకుంటాడు,
ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు.

ద్రెంజుని ఉంచారు.
కంట్రోల్ రూంలో, ఏసీ కింద, స్వెట్టరుతో.
మౌసు మీద చెయ్యి పెట్టి తీసేస్తాడు,
కాలిన ఇస్త్రీ పెట్టెని ముట్టుకున్నట్టు.

నిన్న రాత్రంతా వాన.
రెండు గంటలకి తెర రంగు మారింది,
మూల గడిలో అక్షరాలు వెలిగాయి.
షిఫ్టు ఇంజినీరు, సంబల్పూర్ కుర్రాడు,
"ఇదేం ఎర్రరు? ఏం భాష?" అన్నాడు.
ద్రెంజుకీ తెలుగు చదవడం రాదు.
"ఏటున్నాదమ్మా అందుల?" అన్నాడు.

చదివాను.

చాలాసేపు చూశాడు దాన్ని,
మనకి చెప్పకుండా మన పేరు పెట్టుకున్న
ఎవరి పిల్లాణ్ణో చూసినట్టు.
స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి బయటికి నడిచాడు.
అద్దంలోంచి చూశాం.
కర్ర లేదు. మడిచిన వేళ్ళతో,
తలుపు తట్టినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచుకి.
తిరిగొచ్చి
"నిజమే సెప్పింది" అన్నాడు.

తెర మీద రెండే బొత్తాలు:
పంపు, తిప్పికొట్టు.
ఓ గంట ఒగ్గీడానికి
నేను బొత్తాం పెట్టలేదు.

కుర్రాడు ఫ్లాస్కులో టీ మూడు గ్లాసుల్లో వంచాడు.
మిగతా నాలుగు కుర్చీల మీద
ఎవరివో తడి గొడుగులు.
అవతల అంత మోత, మా మాట ఎవరికి వినపడుతుంది గనక.
అయినా, ఎందుకో,
నెమ్మదిగానే మాట్లాడుకున్నాం.