నడుమ నుంచి అంచుకి

కేజీహెచ్ డౌన్ దిగుతుంటే
మందుల షాపు పక్క సందులో మా స్కానింగ్ సెంటరు.
నా బల్ల కింద నల్లటి సీపీయూ.
బటన్ నొక్కితే నాలుక చాపుతుంది,
రోజుకి నలభై సార్లు, నలభై మంది లోపలి బొమ్మల కోసం.

పని నేర్పిన పైడిరాజు గారు మొదటిరోజే అన్నారు:
"ట్రేని వేలితో తొయ్యకమ్మా, బటన్ ఉంది కదా.
నిన్నెవరైనా అలా తోస్తే ఊరుకుంటావా?"
సాయంత్రం వెళ్తూ వెళ్తూ
తన పాత లుంగీ ముక్క దాని మీద కప్పేవారు.
ఆయన రిటైరయ్యారు. లుంగీ ముక్క ఉంది.

ఈ ఊళ్ళో గాలికి రెండు చేతులు.
ఒక చేతిలో సముద్రం ఉప్పు,
రెండో చేతిలో హార్బరు బొగ్గు.
పొద్దున్న తుడిచిన కిటికీ అంచు
మధ్యాహ్నానికి వేలికి నల్లగా అంటుతుంది.
రెండు చేతులూ తడుముకుంటూ పోయేది
ఆ నాలుక వెనక, కందిపప్పు బద్దంత కన్ను దగ్గరికే.

అందుకే నెలకో ఆదివారం
ప్లగ్గు పీకి, నాలుగు మరలు విప్పి
(మరలు టీ సాసర్లో, లేకపోతే బల్ల కింద వెతుక్కోవాలి)
పుల్లకి చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, పిండి,
ఒక్కసారి తాకిస్తాను.
కాటుక పెట్టినట్టే ఉంటుంది చెయ్యి,
చేసేది మాత్రం తియ్యడం.

మొన్న మే నెల ఎండలో
పెదజాలారిపేట నుంచి నూకతల్లి వచ్చింది,
వలనూలు పొట్లం కాగితంలో డిస్కు చుట్టుకుని.
మొగుడు ఎర్రయ్య తల స్కాను, నిరుటిది.
పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తానన్నాడట డాక్టరు.

విప్పి చూశాను.
అంచున కన్నం, కన్నంలో నైలాను తాడు,
మీద ఎండిన చేప పొలుసు ఒకటి.
వెలుతురుకి తిప్పితే
పొలుసూ డిస్కూ ఒకే ఏడు రంగులు.

"ఎండుచేపల మీద కాకులు వాలిపోతన్నాయని
దండేనికి కట్టీసినానమ్మా. పదిరోజులే.
అందులో ఆయన తలకాయుందని నాకేటి తెలుసు?"

కన్నం ఉన్న డిస్కు లోపల పెట్టకూడదు.
జోరుగా తిరిగితే విరిగి, కన్నునీ పట్టుకు పోతుంది.
తెలుసు. నేనే అందరికీ చెప్తాను.
ఆమె వైపు చూసి, తాడు కత్తిరించాను.

కుళాయి నీళ్ళు, చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ.
నడుమ నుంచి అంచుకి, నడుమ నుంచి అంచుకి.
గుండ్రంగా తుడవకూడదు,
గీత గుండ్రంగా పడితే కన్ను దారి తప్పుతుంది.
నూకతల్లి కూడా చెంగుతో గాల్లోనే తుడుస్తోంది,
నా చేతిని చూస్తూ.

వేగం అన్నిటికన్నా తక్కువకి దించి పెట్టాను.
డ్రైవు గుర్రుమంది, ఆగింది, గుర్రుమంది,
నాలుక చాపేసింది.
రెండోసారీ అంతే.
మూడోసారి పచ్చ లైటు మినుకుమంటుండగా
కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో
ఆమె గాజులు వినపడ్డాయి.
ట్రే కింద గుండుసూది తలంత రంధ్రం.
కాగితాల క్లిప్పు సాగదీసి
లోపల మెత్తగా తగిలేదాకా నెట్టాను.
నాలుక వేలెడు బయటికొచ్చింది.
డిస్కు ఇంకా వెచ్చగా ఉంది.

కరెంటొచ్చాక, నాలుగోసారి, తెరిచింది.
మూడువందల పన్నెండులో రెండువందల డెబ్బై బొమ్మలు.
ఎర్రయ్య తల పొరలు పొరలుగా, నలుపూ తెలుపూ.
మిగతావి ఎక్కడున్నాయో
కాకులకి తెలియాలి.

కొత్త డిస్కు రాసి, అంచులు పట్టుకుని ఇచ్చాను.
"ఇలా పట్టుకో. ఎండ తగలనివ్వకు. చల్లగా, కవర్లో, నిలబెట్టి ఉంచు."
అన్నిటికీ తలూపింది.
గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"పాడైపోయిందేదైనా ఉంటే ఇంకోటి ఇద్దూ,
కాకులికి."

డ్రాయర్లో రాయడం మధ్యలో చెడినవి బోలెడు.
ఎవరి బొమ్మా ఎక్కనిది వెతికి
ఒకటి తీసి ఇచ్చాను.
తాడు కూడా.